ఇల్లు నిలవాలా... ఇసుక కదలాలా?

కిటికీ తెరిస్తే సముద్రం. పొద్దున్నే అలల చప్పుడు. అలాంటి చోట ఇల్లు కట్టుకున్నాక ఓరోజు ఆ ఇంటికీ సముద్రానికీ మధ్య 22 అడుగుల ఇసుకదిబ్బ లేస్తే? 'పోన్లే, ఇల్లు నిలుస్తుంది' అనేవారు కొందరు. 'మా సముద్రం మాకు కనబడకుండా చేశారు' అంటూ కోర్టుకెక్కేవారు కొందరు. అమెరికాలోని ఇసుక దీవుల మీద వచ్చిన ఓ డాక్యుమెంటరీ చూసినవారూ ఇలాగే విడిపోయారు. ఇంతకీ ఎవరిది న్యాయం?

న్యూజెర్సీ రాష్ట్రంలో లాంగ్ బీచ్ ఐలాండ్ అని ఓ దీవి ఉంది. పేరుకు తగ్గట్టే పొడుగ్గా దాదాపు 29 కిలోమీటర్లు ఉంటుంది. వెడల్పు మాత్రం చాలాచోట్ల కిలోమీటరైనా ఉండదు. ఒకవైపు అట్లాంటిక్ మహాసముద్రం హోరు, మరోవైపు నిమ్మళంగా ఉండే ఖాతం. మధ్యలో ఇసుక. ఆ ఇసుక మీద లక్షల డాలర్ల ఇళ్లు!

ఆ దీవిలోని హార్వే సీడర్స్ అనే చిన్న పట్టణంలో తుపాన్ల నుంచి రక్షణ కోసం తీరం వెంబడి ఎత్తయిన ఇసుకదిబ్బలు పోశారు. అందుకు ఇళ్లవాళ్ల స్థలంలో కొంత భాగం కావాల్సి వచ్చింది. ఓ దంపతులు ఒప్పుకోలేదు. దిబ్బ మూలంగా సముద్రం కనబడటం లేదనీ తమ ఇంటి విలువ పడిపోయిందనీ వాదించారు. పట్టణం ఇస్తానన్నది 300 డాలర్లు. జ్యూరీ ఇప్పించింది 3,75,000 డాలర్లు!

కేసు పైకోర్టుల్లో నడుస్తుండగానే 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూజెర్సీని తాకింది. దిబ్బలు పోసిన హార్వే సీడర్స్ చాలావరకూ గట్టెక్కింది. అవి లేని హోల్గేట్ లాంటి చోట్ల ఇళ్లకి ఇళ్లే చెదిరిపోయాయి. 2013 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. దిబ్బ వల్ల పోయిన అందాన్నే కాదు, దక్కిన రక్షణనీ లెక్కలోకి తీసుకోవాల్సిందేనంది. చివరికి ఆ కేసు ఎంతకి రాజీ అయిందో తెలుసా... అక్షరాలా ఒక్క డాలరుకి!

తుపాను కన్నా ముందే మొదలైన సినిమా

బెన్ కలీనా అనే దర్శకుడు శాండీ రాకముందే ఈ దీవిలో కెమెరా పట్టుకుని తిరుగుతున్నాడు. ఎగసిపడే సముద్రాన్ని ఇసుక పోసి ఎంతకాలం ఆపగలం, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నవి అతని ప్రశ్నలు. సినిమా సగంలో ఉండగా తుపాను వచ్చింది. అప్పటిదాకా శాస్త్రవేత్తల చర్చల్లో ఉన్న విషయం ఒక్క రాత్రిలో ఇంటింటి కథ అయిపోయింది. అలా 2013లో వచ్చిన డాక్యుమెంటరీయే 'షోర్డ్ అప్'. పడిపోబోయేదానికి ఊతమిచ్చి నిలబెట్టడం అని ఆ మాటకి అర్థం. అందులోనే 'తీరం' అన్న పదమూ దాగుంది.

లాంగ్ బీచ్ ఐలాండ్‌తో పాటు నార్త్ కరోలినాలోని ఔటర్ బ్యాంక్స్ దీవులూ ఇందులో ఉన్నాయి. సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు, రాజకీయ నాయకులు, శాస్త్రవేత్తలు, స్థానికులు... ఎవరి మాట వాళ్లు చెబుతారు.

నడిచే దీవులు

అసలీ గొడవంతా ఆ దీవుల స్వభావంతోనే వస్తుంది. తీరానికి సమాంతరంగా కాపలా గోడల్లా ఉంటాయి కాబట్టి వీటిని అవరోధ దీవులంటారు. 2011లో ఉపగ్రహ చిత్రాల సాయంతో శాస్త్రవేత్తలు లెక్కేస్తే ప్రపంచం మొత్తమ్మీద 2149 తేలాయి. వీటికి రాతి పునాది ఉండదు. అలలు, గాలి, ప్రవాహాలు కలిసి పేర్చిన ఇసుకే వీటి ఒళ్లంతా.

పెద్ద తుపాను వచ్చినప్పుడు సముద్రం దీవి మీదుగా పొర్లి, ముందువైపు ఇసుకను తెచ్చి వెనకవైపు పోస్తుంది. ముందు తరుగుతుంది, వెనక పెరుగుతుంది. అలా దొర్లుకుంటూ దొర్లుకుంటూ దీవి మెల్లగా నేలవైపు జరుగుతుంది. సముద్రమట్టం పెరిగినా అది మునిగిపోకుండా ఉండటానికి కారణం ఆ కదలికే. మనిషి వెళ్లి దానిమీద రోడ్డు వేసి, ఇల్లు కట్టి, 'ఇక్కడే ఉండు' అన్నప్పుడే చిక్కంతా. గోడ కడితే అలల తాకిడికి దాని ముందున్న బీచ్ కరిగిపోతుంది. ఇసుక తెచ్చి పోస్తే కొన్నేళ్లలో అదీ కొట్టుకుపోతుంది. మళ్లీ పోయాలి. మళ్లీ డబ్బు కావాలి.

చూసినవారిది తలోమాట

అందుకే ఈ సినిమా చూసినవారి అభిప్రాయాలు ఒక్కతీరుగా ఉండవు. 'సముద్రం పక్కన కట్టుకోమని ఎవరు చెప్పారు? వాళ్ల ఇళ్లకి ఇసుక మా పన్నులతో పోయాలా?' అన్నది దూరాన ఉన్నవారి ప్రశ్న. 'మా తాతలనాటి ఇల్లు. ఊరంతా సెలవులకి వచ్చేవారి మీదే బతుకుతోంది. వదిలేసి ఎక్కడికి పోతాం?' అన్నది దీవివాళ్ల జవాబు. 'దీవిని దాని మానాన వదిలేయండి, లేదంటే అదీ మిగలదు, మీరూ మిగలరు' అన్నది మరో వర్గం వాదన. కుర్చీలో కూర్చుని చూసేటప్పుడు మూడూ నిజమే అనిపిస్తాయి. ఇల్లు మనదైతే మాత్రం ఒకటే నిజం!

నార్త్ కరోలినాలో గొడవ ఇంకో మెట్టు ఎక్కింది. 2100 నాటికి సముద్రం 39 అంగుళాలు, అంటే దాదాపు మీటరు పెరగొచ్చని అక్కడి శాస్త్రవేత్తల బృందం 2010లో చెప్పింది. ఆ లెక్కే ఖాయమైతే తీరంలో భూముల ధరలేం కావాలి? బిల్డర్లు, తీర జిల్లాల నాయకులు మండిపడ్డారు. ఆ అంచనాను ప్రభుత్వ నిబంధనల్లో వాడకుండా అడ్డుకుంటూ 2012లో ఏకంగా చట్టమే వచ్చింది. టీవీ హాస్య కార్యక్రమాలు ఆ చట్టాన్ని ఆటపట్టించాయి. సినిమా వచ్చాక రాజధాని రాలీలోని ప్రకృతి శాస్త్రాల మ్యూజియం దాన్ని ప్రదర్శించడానికి నిరాకరించింది. దీనివెనక రాజకీయం ఉందేమోనన్న అనుమానాలు గుప్పుమన్నాయి. సినిమా చూడనివారు కూడా దాని గురించి మాట్లాడుకున్నారు!

కదిలించి కాపాడారు

అదే రాష్ట్రంలో కేప్ హేటరస్ లైట్‌హౌస్ కథ వేరు. 1870లో కట్టినప్పుడు సముద్రానికి దానికీ మధ్య దూరం 1500 అడుగులు. వందేళ్లలో అది 120 అడుగులకి వచ్చేసింది. ఏం చేయాలి? గోడ కట్టాలని కొందరు, జరపాలని కొందరు. ఇటుకల కట్టడం, కదిలిస్తే కూలిపోతుందని స్థానికుల్లో చాలామంది వద్దన్నారు. అయినా 1999లో ఇంజినీర్లు 4800 టన్నుల ఆ దీపస్తంభాన్ని పునాది నుంచి వేరుచేసి, జాకీలతో పైకెత్తి, ఉక్కు పట్టాల మీద 23 రోజుల్లో 2900 అడుగులు లోపలికి నడిపించారు. పగుళ్లివ్వలేదు, కూలలేదు.

లైట్‌హౌస్‌కి దొరికిన అదృష్టం అన్ని ఇళ్లకీ దొరకదు. ఔటర్ బ్యాంక్స్‌లోని రొడాంథీ, బక్స్‌టన్ ఊళ్లలో 2020 నుంచి పాతికకు పైగా ఇళ్లు సముద్రంలో కూలిపోయాయి. ఒక్కో ఇల్లు పడినప్పుడు చెక్కలూ మేకులూ కిలోమీటర్ల కొద్దీ బీచ్‌లోకి కొట్టుకొస్తాయి. సినిమాలో ప్రశ్నగా ఉన్నది ఇప్పుడక్కడ వార్త.

మన ఉప్పాడ మాటేమిటి?

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట అనుకోనక్కర్లేదు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలిచిన శ్రీహరికోట అచ్చంగా ఇలాంటి అవరోధ దీవే. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. సరస్సులో వాలే ఫ్లెమింగోలైనా, దీవిమీది నుంచి లేచే రాకెట్లయినా ఆ ఇసుక చలవే. కాకినాడ దగ్గర గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ కచ్చితంగా చెప్పాలంటే దీవి కాదు, సముద్రంలోకి చాచిన ఇసుక నాలుక. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. కాకినాడ రేవుకి అలల తాకిడి తగలకుండా కాపాడుతున్నది అదే.

ఆ పక్కనే ఉన్న ఉప్పాడకి మాత్రం ఆ భాగ్యం లేదు. జియోట్యూబులు పరిచినా, బండరాళ్లు వేసినా అలలు ఆగలేదు. బీచ్ రోడ్డు తెగిన ప్రతిసారీ మళ్లీ వేస్తూనే ఉన్నారు. నదుల మీద కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి తీరానికి చేరడం తగ్గిందనీ అదీ ఓ కారణమేననీ నిపుణులంటారు. హార్వే సీడర్స్‌లో సముద్రం కనబడకపోతే కోర్టుకెళ్లారు. ఉప్పాడ మత్స్యకారుడికి సముద్రం కనబడకపోవడం కష్టం కాదు... రోజురోజుకీ మరింత దగ్గరగా కనబడటమే కష్టం. అక్కడి ఇంటికి బీమా ఉండదు, లోపలికి జరుగుదామంటే స్థలం ఉండదు. వల ఎండేసుకోవడానికి బీచ్ కావాలి, పడవ లాగడానికి ఒడ్డు కావాలి.

కాబట్టి 'ఇసుక దీవుల్ని వాటి మానాన వదిలేయాలి' అన్నంత తేలిక కాదు, 'గోడ కట్టి ఆపేద్దాం' అన్నంత సులువూ కాదు. లైట్‌హౌస్‌ని జరపడానికి ముందుచూపు, డబ్బు, ఏళ్ల తరబడి చర్చ కావాల్సి వచ్చాయి. ఓ ఊరిని జరపాలంటే ఆ మూడింటితో పాటు ఇంకోటి కూడా కావాలి. అలలు గుమ్మం దాకా రాకముందే ఆ ఊరివాళ్లని పిలిచి కూర్చోబెట్టి, 'ఎక్కడికి వెళ్తారు, ఎలా బతుకుతారు' అని అడగాలి.