ఇంటి పడక, శానిటోరియపు పడక: మద్రాసు క్షయ పరిశోధన

చంద్రునకు క్షయ సోకిన కథ తెలుగువారికి క్రొత్తది కాదు. దక్షుని కుమార్తెలు ఇరువదియేడుగురిని పెండ్లాడియు రోహిణియందే మనసు నిలిపినందున మామగారి శాపమునకు గురియై ఆతడు దినదినము కృశించెననియు, పిమ్మట అనుగ్రహము పొంది వృద్ధిక్షయములతో బ్రదుకుచున్నాడనియు పెద్దలు చెప్పుదురు. చరకసంహితయు రాజయక్ష్మ చికిత్సను చెప్పుచోట ఈ కథనే ఎత్తుకొన్నది. రాజైన చంద్రునకు వచ్చినది గనుక రాజయక్ష్మ యని వ్యుత్పత్తి. పేరులో రాజున్నను, నేలమీద ఈ వ్యాధి రాజులను వెదకికొని పోయినది తక్కువ. గాలి వెలుతురు చొరని యిరుకు గదులలో, పూట గడుచుటయే గగనమైన యిండ్లలో అది స్థిరనివాసము చేసినది. ఈ పేదయింటి రోగిని ఇంటియందే ఉంచి బ్రతికింపవచ్చునా అను ప్రశ్నకు లెక్కలతో సమాధానము చెప్పిన నగరము మద్రాసు. ఆ సమాధానము ప్రపంచమంతటను క్షయ చికిత్స త్రోవను మార్చినది. అయినను మన పాఠ్యగ్రంథములలో దాని ప్రసక్తి అరుదు.

1882లో జర్మనీ దేశమున రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని లోకమునకు చూపెను. కారణము తెలిసిన తరువాత మందు దొరకుటకు మరి అరువదేండ్లు పట్టినది. ఈ నడిమి కాలమున వైద్యుల చేతిలో నున్నవి విశ్రాంతి, నిర్మలమైన గాలి, పుష్టికరమైన ఆహారము. ఈ మూడింటిని ఒక్కచోట చేర్చినదే శానిటోరియము. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము అను అందమైన పేరుతో క్రైస్తవ మిషనులవారు ఇరువదవ శతాబ్దపు రెండవ దశాబ్దమున నెలకొల్పిన శానిటోరియము దక్షిణదేశమున ప్రసిద్ధి కెక్కినది. ఇట్టి చోటులలో రోగి నెలల తరబడి పడకపైనే యుండవలెను. ఊపిరితిత్తి చుట్టునున్న పొరల నడుమకు గాలి నెక్కించి, ఊపిరితిత్తిని అణచియుంచి దానికిని విశ్రాంతి కల్పించు చికిత్సయు నుండెను. కొందరు కోలుకొనిరి, కొందరు కోలుకొనలేదు. కోలుకొన్నవారు కొండగాలి వలన కోలుకొనిరా, పాలు గ్రుడ్ల వలన కోలుకొనిరా, లేక వ్యాధియే తనంతట తాను వెనుకకు తగ్గినదా అని తేల్చి చెప్పగలిగినవారు లేరు. పోల్చి చూచుటకు ఎదుట మరియొక గుంపు లేదు గదా!

ఆ పోలికను క్రమబద్ధముగ చేసి చూపినవారు బ్రిటిషు వైద్యపరిశోధక మండలివారు. 1943లో అమెరికాలోని రట్గర్సు విశ్వవిద్యాలయమున, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అను విద్యార్థి మట్టిలోని సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్ అను మందును వేరుచేసెను. యుద్ధము ముగిసిన పిదప బ్రిటనుకు ఈ మందు బహు కొలదిగా లభించెను. అందరికిని చాలని మందును ఎవరికిత్తురు? ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంకశాస్త్రవేత్త ఈ కొరతనే పరిశోధనకు ఆధారము చేసికొనెను. 107 మంది రోగులలో 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎవరు ఏ గుంపులోనికి పోవలెనో వైద్యుని దయాదాక్షిణ్యములచే గాక యాదృచ్ఛిక సంఖ్యలచే నిర్ణయమై, ఆ నిర్ణయము ముద్రవేసిన కవరులలో నుండెను. ఎక్స్‌రే చిత్రములను పరిశీలించినవారికి అవి ఏ గుంపువారివో తెలియనీయలేదు.

రోగి ప్రాణమును చీటివేసి నిర్ణయింతురా యని సహృదయునకు కోపము రావచ్చును. ఆ కోపము న్యాయమైనదే. కాని చీటి వేసినది ఏది మేలో ఎవరికిని తెలియనిచోట. అట్టిచోట వైద్యుని అభిరుచియు ఒక చీటి వంటిదే, కాకున్న దానికి లెక్కవ్రాయువారుండరు. మందు నిచ్చిన వైద్యుడు ఓపికగలవారిని, తేరుకొనుననిపించిన వారిని తెలియకయే ఏరుకొన్నచో, తుదకు మందునకు దక్కని కీర్తి మందునకు దక్కును.

ఆరు నెలలు గడచునప్పటికి మందు పొందిన 55 మందిలో నలుగురును, పొందని 52 మందిలో 14 మందియు మరణించిరి. 1948లో ఈ ఫలితము వెలువడినప్పుడు ఆనందింపని వైద్యుడు లేడు. అయితే పరిశోధకులు అంతటితో లెక్క మూసివేయలేదు. అయిదేండ్లు వెంబడించి చూడగా మొదటి గుంపున 32 మందియు, రెండవ గుంపున 35 మందియు గతించియుండిరి. ఆరు నెలల నాటి అంతరము ఏమైనది? సూక్ష్మజీవులు మందునకు అలవాటుపడి లొంగకపోయినవి. ఒక్క మందుతో యుద్ధము సాగదని, రెండు మూడు మందులను జతగా ఈయవలెనని దీనివలన బోధపడెను. మరియు మందు పుచ్చుకొన్నవారిలో చాలమందికి తల తిరుగుట కలిగెను. లోచెవిలో శరీరపు సమతూకమును కాపాడు భాగమును స్ట్రెప్టోమైసిన్ దెబ్బతీయును. కొందరికి తరువాతి కాలమున వినికిడియే పోయినది. ప్రాణము నిలిపిన చేతితోనే చెవిని తీసికొనిపోవు మందు ఇది.

1952 నాటికి ఐసోనయజిడ్ అను బిళ్ల వచ్చెను. అది చవుక, నోటితో మ్రింగదగినది. అంతకుముందే స్వీడనులో లేమన్ కనుగొన్న పి.ఎ.ఎస్. అను మందును దానికి జత చేసిరి. (ఐసోనయజిడ్‌కు దాయాదియైన ఇప్రోనయజిడ్ పుచ్చుకొన్న క్షయరోగులు కారణము లేకయే ఉల్లాసముగ నుండుట చూచి వైద్యులు ఆశ్చర్యపడిరి. క్షయకు వచ్చిన ఆ మందును తరువాత మనోవ్యాకులతకు వాడిరి. కాలేయమునకు కీడుచేయుట తెలిసి మానుకొనిరి. దుష్ఫలితములను గమనించు కన్ను ఒక్కొక్కప్పుడు క్రొత్త మందును కూడ చూడగలదు.)

మందులు వచ్చినవి, కాని భారతదేశమున రోగులు లక్షలు, ఆసుపత్రి పడకలు వేలు. శానిటోరియము లేనిదే చికిత్స లేదనిన పక్షమున అత్యధికులకు చికిత్సయే లేదని అర్థము. ఈ స్థితిలో 1956లో భారత వైద్యపరిశోధక మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్యపరిశోధక మండలి కలిసి మద్రాసు నగరమున చేట్‌పట్టు ప్రాంతమున క్షయ రసాయనచికిత్సా కేంద్రమును స్థాపించినవి. దాని తొలి పరిశోధనలకు నాయకత్వము వహించినవాడు వాలస్ ఫాక్స్ అను ఆంగ్ల వైద్యుడు.

నగరపు పేదపేటలనుండి కఫములో సూక్ష్మజీవులున్న 193 మంది రోగులను తీసికొని, హిల్ చూపిన పద్ధతినే చీటివేసి రెండు పాళ్లు చేసిరి. ఇరువురికిని అవే మందులు, ఒక్క యేడాది. ఒక పాలివారు శానిటోరియమునకు పోయిరి. అచట మంచి భోజనము, పూర్తి విశ్రాంతి, శుభ్రమైన గది, దాదుల పరిచర్య. రెండవ పాలివారు తమ యిండ్లలోనే యుండిరి. ఆ యిండ్లెట్టివి? పెక్కుమందికి ఒకటే గది. తిండి చాలీచాలనిది. కాస్త ఓపిక రాగానే పనికి పోక తప్పదు. ఆడవారికి వంటపని, పిల్లలపని ఎప్పుడును తప్పలేదు. ఆనాటి వైద్యగ్రంథములను నమ్మినచో రెండవ పాలివారు ఓడితీరవలెను.

1959లో ఫలితములు ప్రకటితమైనవి. లెక్కకు తీసికొన్న వారిలో యేడాది ముగియునప్పటికి వ్యాధి సూక్ష్మజీవశాస్త్ర రీత్యా ఉపశమించినది ఇంటివారు 82 మందిలో నూటికి 86 మందికి, శానిటోరియమువారు 81 మందిలో నూటికి 92 మందికి. ఇంత పెద్ద వసతిభేదమునకు ఇంత చిన్న ఫలభేదమా యని పరిశోధకులే విస్తుపోదగినది. శరీరపు బరువులో మాత్రము శానిటోరియమువారే చాల ముందుండిరి. అయితే బరువు పెరుగుట వేరు, కఫములో సూక్ష్మజీవి నశించుట వేరు. ఇన్నేండ్లుగ మొదటిదానిని చూచి రెండవది జరిగినదని వైద్యలోకము మురిసియుండవచ్చును.

మరియొక భయము మిగిలియున్నది. రోగిని ఇంట నుంచినచో అదే గదిలో నిద్రించు పసిపిల్లల గతి యేమి? ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పక, రెండు పాళ్లవారి కుటుంబములను అయిదేండ్లపాటు పరీక్షించుచు వచ్చిరి. ఇంటిరోగి యున్న కుటుంబములలో వ్యాధి అదనముగ పుట్టలేదు. పిల్లలకు అపాయము కలిగినది చికిత్స జరుగుచున్న దినములలో కాదు. వ్యాధి యేదో తెలియక తండ్రియో తల్లియో మందులేక దగ్గుచున్న దినములలో. మందు మొదలైన పిమ్మట అంటు త్వరలోనే తగ్గుచున్నది. రోగి కంచమును, చాపను వేరుచేసి, ఆతనిని పెరటిపంచలో కూర్చుండబెట్టిన మన యిండ్ల ఆచారమునకు ఈ ఫలితము గట్టి జవాబు. తల్లిని బిడ్డనుండి విడదీసి దూరపు కొండలకు పంపిన ఆచారమునకును అదే జవాబు.

ఇక మందు మ్రింగుట యను కథ. పి.ఎ.ఎస్. దినమునకు గ్రాముల కొలది పుచ్చుకొనవలసిన మందు. కడుపులో త్రిప్పును, విరేచనములగును. రెండు నెలలలో దగ్గు తగ్గి, జ్వరము పోయి, ఆకలి పుట్టగానే రోగికి ఈ బాధ యెందుకని తోచును. పరీక్ష ముగిసిన మరునాడే పుస్తకము మూసివేయు విద్యార్థి నెరిగిన ఉపాధ్యాయునకు దీనిని వివరింప పనిలేదు. కేంద్రమువారు ముందుగ చెప్పక ఇండ్లకు పోయి మిగిలిన మందును లెక్కపెట్టిరి; మూత్రమును పరీక్షించి మందు నిజముగ లోనికి పోయినదో లేదో చూచిరి. ఇది అవిశ్వాసమని కొందరికి తోచవచ్చును. కాని మందు మ్రింగనివానికి మందు పనిచేయలేదని వ్రాసికొన్నచో ఆ తప్పులెక్క వేలమందిని ముంచును. ఈ అనుభవమునుండియే, వారమునకు రెండు మారులు ఆరోగ్యకార్యకర్త కన్నులయెదుట మందు నిచ్చు పద్ధతిని మద్రాసువారు పరీక్షించి 1964లో ఫలితములు ప్రకటించిరి. 1990 తరువాత ప్రపంచ ఆరోగ్యసంస్థ డాట్స్ అను పేరుతో దేశదేశములకు వ్యాపింపజేసిన ప్రత్యక్ష పర్యవేక్షణ చికిత్సకు ఇది మూలములలో నొకటి.

దుష్ఫలితముల లెక్కలోను మద్రాసు కేంద్రము ఘనకార్యము చేసినది. పి.ఎ.ఎస్. భారము తప్పించుటకై ఐసోనయజిడ్ నొక్కదానినే హెచ్చు మోతాదులో నిచ్చి చూచినప్పుడు కొందరు రోగులకు అరికాళ్లు మంటలెత్తి, వ్రేళ్లు తిమ్మిరి పట్టెను. తిండి చాలని పేదవానికి అరికాళ్ల మంట మందు లేకున్నను రావచ్చును; కావున తక్కువ మోతాదువారిలో ఎందరికి వచ్చినదో తెలిసినగాని నేరమును మందుమీద మోపరాదు. పోల్చి చూడగా నేరము మందుదే యని తేలెను. శరీరములోని బి6 విటమినును అది వమ్ముచేయుచున్నది. ఆ విటమినును జతచేసి యిచ్చినచో బాధ రాకుండ కాపాడవచ్చును.

అయితే ఒకే మోతాదు పుచ్చుకొన్న వారిలో ఒకనికి మంట రానేల, వేరొకనికి రాకుండనేల? ఐసోనయజిడ్‌ను కొందరి కాలేయము వడివడిగ నిర్వీర్యము చేయును, కొందరిది మెల్లమెల్లగ చేయును. ఇది పుట్టుకతో వచ్చు గుణము. మెల్లగ చేయువారి శరీరమున మందు హెచ్చుసేపు నిలుచును. నరముల బాధ వారికే ఎక్కువగ కలిగెను. దక్షిణభారతీయులలో సగముకంటె ఎక్కువమంది ఈ మెల్లని కోవవారేయని ఆ పరిశోధనల వలన తెలిసినది. దూరదేశపు శరీరములపై నిర్ణయించిన మోతాదును మన శరీరములపై మరల తూచి చూడవలెననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1962లో ఆరంభమైన జాతీయ క్షయనివారణ కార్యక్రమము ఇంటి చికిత్సనే పునాదిగ తీసికొన్నది. పలుదేశములలో శానిటోరియములు క్రమముగ మూతపడినవి, లేదా సాధారణ వైద్యశాలలుగ మారినవి. పిమ్మట రిఫాంపిసిన్ వచ్చి చికిత్సాకాలమును ఆరు నెలలకు తగ్గించెను. దానికిని ఒక విచిత్రమైన లక్షణము కలదు: మూత్రమును, కన్నీటిని సైతము నారింజరంగు చేయును. అది కీడు కాదు. కాని ముందుగ చెప్పనియెడల రోగి రక్తము పోవుచున్నదని బెదరి మందు మానును. ఎథాంబుటాల్ అను మరియొక మందు చూపును, ముఖ్యముగ ఎరుపు ఆకుపచ్చల భేదమును, చెరుపవచ్చును. ఇది కీడే, వెంటనే వైద్యునకు తెలుపవలసినది. ఈ రెండింటి తారతమ్యమును రోగికి మొదటిదినముననే చెప్పని వైద్యుడు సగము చికిత్సయే చేసినవాడు.

మద్రాసు ఫలితమును చూచి కొందరు తిండితో పనిలేదని అతిగా అర్థము చేసికొనిరి. ఆ పరిశోధన చెప్పినది అది కాదు. మందున్నచో తిండి తక్కువైనను సూక్ష్మజీవిని చంపవచ్చునని మాత్రమే చెప్పినది. రోగి కాని వారి సంగతి? మద్రాసు కేంద్రము ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగ పేరు మారి అదే చేట్‌పట్టులో నున్నది. ఆ సంస్థయు పాల్గొన్న ఒక పరిశోధన జార్ఖండ్ రాష్ట్రమున నాలుగు జిల్లాలలో జరిగి 2023లో ప్రకటితమైనది. 2,800 మంది రోగుల యిండ్లలోని 10,345 మందిని అందులో పరిశీలించిరి. రోగులందరికిని నెలకు పది కిలోల ఆహారపదార్థములు అందినవి. అయితే చీటివేసి యెన్నిన ప్రాంతములలో రోగితోపాటు ఇంటిలోని ప్రతి మనిషికిని నెలకు అయిదు కిలోల బియ్యము, కిలోన్నర పప్పు, విటమినులు నిచ్చిరి; తక్కిన ప్రాంతములలో ఇంటివారికి ఈయలేదు. ఇచ్చిన యిండ్లలో క్రొత్తగ క్షయ సోకినవారి సంఖ్య, ఈయని యిండ్లతో పోల్చగా, నూటికి 39 వంతులు తగ్గినది.