వీగన్లు గుప్పెడు, వీగన్ తిండి బోలెడు

డాలస్ నుంచో లండన్ నుంచో సెలవులకు వచ్చిన పిల్లలు ‘నేనిప్పుడు వీగన్’ అంటే, మన ఇళ్లలో వచ్చే మొదటి జవాబు: ‘ఓస్, అంతేనా! మన తాతల కాలం నుంచీ తింటున్నది అదేగా!’ ఆ మాట అంటూనే పెరుగు గిన్నె ముందుకు జరుపుతారు. మరోవైపు టీవీ చర్చలు చూసినవాళ్లు ప్రపంచమంతా రేపో మాపో మాంసం మానేస్తుందని నమ్ముతున్నారు. రెండూ నిజం కావు.

అపోహ: శాకాహారానికి పుట్టిల్లు మన దేశం కాబట్టి వీగనిజం మనకు కొత్తేమీ కాదు.

వాస్తవం: వీగన్లు మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరు. తోలు, పట్టు, ఉన్ని వాడరు. ప్రపంచంలో పాల ఉత్పత్తిలో అగ్రస్థానం మనది. నెయ్యి చుక్క పడని పప్పన్నాన్ని విస్తట్లో ఊహించుకోవడమే మనకు కష్టం. ఆవులు, గేదెల చేత బలవంతంగా పాలు చేపించే ‘ఫూకా’ పద్ధతి గురించి తెలిశాక గాంధీజీ పాలు మానేస్తానని ప్రతిజ్ఞ చేశారు. జబ్బుపడి నీరసించినప్పుడు మేకపాలకు ఒప్పుకోక తప్పలేదు. మాట పైకి నిలబడ్డా దాని ఉద్దేశం నిలబడలేదని ఆత్మకథలో ఆయనే బాధపడ్డారు. అంతటి పట్టుదల ఉన్న మనిషికే పాలు వదలడం అంత కష్టమైంది.

అసలు దేశమంతా శాకాహారమే అన్న మాటా నిలవదు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలో 98 శాతానికి పైనే, ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. శాకాహారులు ఎక్కువగా ఉన్నది రాజస్థాన్, హరియాణా, పంజాబ్, గుజరాత్‌లలో. అవన్నీ పాడికి పేరుపడ్డ ప్రాంతాలే. అంటే మన దేశంలో మాంసం తక్కువగా తినేచోట పాల వాడకం చిక్కబడింది. వీగన్ల లెక్కలో చూస్తే శాకాహార భారతమే వాళ్లకు దూరపు చుట్టం!

అపోహ: ఇది డబ్బున్న తెల్లవాళ్లు ఈమధ్య కనిపెట్టిన ఫ్యాషన్.

వాస్తవం: సిరియాలో వెయ్యేళ్ల కిందటే అల్ మఅర్రీ అనే అంధకవి మాంసం, పాలు, గుడ్లు, తేనె అన్నీ వదిలేసి, ఎందుకు వదలాలో కవిత్వంలో వాదించాడు. ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు సాధారణంగా బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు ముందు 55 రోజులూ ఉపవాస నియమం పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, వెన్న ఉండవు. టెఫ్ పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా అట్టు, శనగపిండి వంటి పప్పు పిండ్లతో చేసే షిరో కూర వాళ్ల భోజనం. వాళ్లెవరూ తమను వీగన్లని పిలుచుకోరు. కానీ ఏటా నెలల తరబడి తినేది మాత్రం అదే.

ఇక ‘వీగన్’ అన్న పేరుతో ఇంగ్లండ్‌లో 1944లో సంఘం పెట్టిన డొనాల్డ్ వాట్సన్ వడ్రంగం నేర్పే బడిపంతులు. అవి యుద్ధకాలం, రేషన్ రోజులు. అమెరికాలో ప్యూ సంస్థ 2016లో అడిగితే, పూర్తి శాకాహారులమో వీగన్లమో అని చెప్పినవారు మొత్తం జనాభాలో 3 శాతం, నల్లజాతివారిలో 8 శాతం. ఖరీదంతా ఉత్తుత్తి మాంసం, ఉత్తుత్తి చీజ్‌ల దగ్గరే. పప్పు, అన్నం, గోంగూర పచ్చడికి అంత ఖర్చు ఎక్కడిది?

అపోహ: ప్రపంచం వీగన్‌గా మారిపోతోంది.

వాస్తవం: మారింది అంగడి, మనుషులు కాదు. అమెరికాలో వీగన్లమని చెప్పుకున్నవారు గాలప్ సర్వేలో 2018లో 3 శాతం, 2023లో 1 శాతం. బ్రిటన్‌లో ఉద్యమం ఉరకలేసిన 2018లో కూడా వీగన్ సొసైటీ సొంత అంచనాయే 6 లక్షలు, జనాభాలో ఒక శాతానికి కొంచెం ఎక్కువ. మరి సూపర్‌మార్కెట్లలో అన్నేసి వీగన్ అరలు ఎందుకు? కొనేవారిలో అత్యధికులు వీగన్లు కానివారే కాబట్టి. జనవరి నెలంతా వీగన్‌గా ఉండమనే ‘వీగన్యురీ’ 2014లో మూడు వేల పైచిలుకు మందితో మొదలై 2022 నాటికి 6 లక్షలు దాటింది. వాళ్లలో చాలామంది ఫిబ్రవరిలో మళ్లీ కోడికూర తింటారు, కాకపోతే కాఫీలో ఓట్ పాలు మిగిలిపోతాయి. 2019 జనవరిలో గ్రెగ్స్ అనే బ్రిటన్ గొలుసుకట్టు బేకరీల సంస్థ మాంసం లేని సాసేజ్ రోల్ తెస్తే పెద్ద దుమారమే రేగింది. తిట్టినవాళ్ల పుణ్యమా అని అది మరింత అమ్ముడైంది.

ఎక్కడ నాటుకుంటుందన్నది ఆ నేలను బట్టి ఉంటుంది. టెల్ అవీవ్ వీగన్ నగరంగా పేరు పొందడానికి జంతుహక్కుల ప్రచారం ఒక్కటే కారణం కాదు. మాంసాన్నీ పాలనూ కలపకూడదన్న యూదుల కోషర్ నియమం వల్ల, రెండూ లేని పదార్థాలు అక్కడి వంటింట్లో ముందునుంచే ఉన్నాయి. ఇజ్రాయెల్ సైన్యం వీగన్ సైనికులకు తోలు లేని బూట్లు కూడా ఇస్తుంది.

మదుపరుల ఉత్సాహం మాత్రం తొందరగానే చల్లారింది. మొక్కలతో ఉత్తుత్తి మాంసం తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీ షేరు 2019 మేలో 25 డాలర్లకు మార్కెట్‌లోకి వచ్చి, జూలైలో 230 దాటింది. 2024 ముగిసేసరికి 5 డాలర్లు కూడా పలకలేదు. ఈలోగా ప్రపంచ మాంసం ఉత్పత్తి ఆగిందా? 1961లో 7 కోట్ల టన్నులున్నది 35 కోట్ల టన్నులు దాటింది.

అపోహ: వీగన్లు తినే సోయా కోసమే అమెజాన్ అడవులు నరుకుతున్నారు.

వాస్తవం: ప్రపంచంలో పండే సోయాలో సుమారు నాలుగింట మూడొంతులు కోళ్లకు, పందులకు, పశువులకు దాణాగా పోతుంది.

మన దగ్గర వీగన్ తిండి కొనాలనుకునేవారు ఒకటి గమనించండి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో పాలపొడి ఉండదని కాదు. వీగన్ ఆహారానికి భారత ఆహార భద్రతా సంస్థ వేరే గుర్తు, 2022లో వేరే నిబంధనలు తెచ్చింది. ఆ గుర్తు చూసి కొనండి. పాలూ పెరుగూ పూర్తిగా మానేవారు బి12 విటమిన్ విషయం డాక్టర్‌తో మాట్లాడాకే మానండి.