ఒక్కటిగానే ఉండాల్సిన పత్రం

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో తయారైన మందుల ముడిసరుకు కంటైనర్లలో రేవులకు వెళ్లి ఓడలెక్కుతుంది. కస్టమ్స్ శాఖకు ఇచ్చే షిప్పింగ్ బిల్లు ‘ఐస్‌గేట్’ పోర్టల్లోనే దాఖలవుతుంది. ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కాగితం రూపంలోనే దేశాలు దాటుతోంది. ఎందుకలా?

ఈ పత్రం మూడు పనులు చేస్తుంది. సరుకు ఓడకెక్కిందనడానికి రసీదు, రవాణా ఒప్పందానికి సాక్ష్యం, అన్నిటికీ మించి సరుకు మీద హక్కు. ‘ఆర్డర్’ పద్ధతిలో రాసిన బిల్లు వెనక సంతకం చేసి ఇస్తే, ఓడ నడిసముద్రంలో ఉండగానే సరుకు చేతులు మారుతుంది. బ్యాంకు దాన్ని హామీగా పెట్టుకుని అప్పిస్తుంది. రేవులో అసలు పత్రం చూపించినవారికే సరుకు అప్పగిస్తారు. ఓడ ముందొచ్చి కాగితం వెనకబడితే సరుకు అక్కడే ఆగిపోతుంది.

మరి ఈమెయిల్లో పంపితే? వంద రూపాయల నోటును ఎన్ని ఫొటోలు తీసినా ఒక్కటీ చెల్లదు. కానీ కంప్యూటర్ ఫైలుకు అసలు, నకలు తేడా లేదు. అలాంటి ఫైలును ఇద్దరికి పంపి ఒకే సరుకును అమ్మితే హక్కు ఎవరిది?

ఒకే ప్రతి ఉండాల్సిన అవసరం లేని పత్రాలకు ఈ చిక్కు లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యుబ్యాంకు విదేశాలకు విత్తన నమూనాలు పంపేటప్పుడు వాడే అంతర్జాతీయ ప్రామాణిక ఒప్పందం 2006లో వచ్చింది. దానికి సంతకంతోనే కాదు, కంప్యూటర్లో ఒక్క క్లిక్కుతోనూ అంగీకారం తెలపవచ్చు. అక్కడ తేలాల్సింది ‘ఎవరు ఒప్పుకున్నారు’ అన్నదే. బిల్ ఆఫ్ లేడింగ్‌లో తేలాల్సింది ‘ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది’ అన్నది.

1999లో మొదలైన బొలెరో వంటి ఎలక్ట్రానిక్ బిల్ ఆఫ్ లేడింగ్ వ్యవస్థలు సభ్యుల మధ్య ఒప్పందంతో ఈ చిక్కును కొంత పరిష్కరించాయి. సభ్యులు కానివారికి ఆ ఒప్పందం వర్తించదు. అందుకే ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం అన్‌సిట్రాల్ 2017లో ఒక నమూనా చట్టం రూపొందించింది. దాని ప్రకారం, హక్కునిచ్చే రికార్డు ఏదో స్పష్టంగా గుర్తించగలగాలి, దాని మీద ఒకరికే నియంత్రణ ఉండాలి, అందులోని సమాచారం చెదరకూడదు. ఈ షరతులు నెరవేరితే ఆ నియంత్రణే ‘స్వాధీనం’తో సమానం. ఈ నమూనాను బహ్రెయిన్ 2018లో, సింగపూర్ 2021లో చట్టంగా చేసుకున్నాయి. బ్రిటన్ 2023లో ఇదే దారిలో సొంత చట్టం తెచ్చింది.

మన ఐటీ చట్టం 2000లోనే ఎలక్ట్రానిక్ రికార్డులకూ డిజిటల్ సంతకాలకూ గుర్తింపునిచ్చింది. ఆన్‌లైన్ ఒప్పందాల చెల్లుబాటును 2008 సవరణ స్పష్టం చేసింది. 1856 నాటి బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. కానీ ఫైలు మీద నియంత్రణను స్వాధీనంగా గుర్తించే స్పష్టమైన మాట అందులో లేదు.

పత్రాలు బ్యాంకుకు చేరేదాకా చిన్న ఎగుమతిదారు పెట్టుబడి చిక్కుకుపోతుంది. ఆ ఒక్క మాట చట్టంలో చేరితే ఆ డబ్బు త్వరగా తిరిగొచ్చే దారి తెరుచుకుంటుంది. పార్లమెంటు ఇక ఆలస్యం చేయకూడదు.