నీడ ముందు, చేప తరువాత

బహామాస్ దేశపు పది సెంట్ల నాణేన్ని తిప్పి చూస్తే రెండు చేపలు కనిపిస్తాయి. ఆ చేపను అంత తీరిగ్గా చూడగలిగేది బహుశా నాణెం మీదే. అది బోన్‌ఫిష్. నీళ్లలో ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు.

ఆ దేశంలోకెల్లా పెద్ద దీవి ఆండ్రోస్. పటం ప్రకారం ఉన్నది అట్లాంటిక్‌లోనే అయినా సెలవులకు వెళ్లేవాళ్లు కరీబియన్ అనే అంటారు. దీవికి పడమట సముద్రం సముద్రంలా ఉండదు. మైళ్ల కొద్దీ మోకాలి లోతు నీళ్లు, అడుగున సున్నపు ఇసుక, తెల్లని బురద, అక్కడక్కడ నాచుగడ్డి, అంచుల్లో మడ చెట్లు. పోటు ఎక్కడం మొదలైతే ఆ పలచని నీళ్లలోకి బోన్‌ఫిష్ మందలు మేతకు వస్తాయి.

వస్తాయి గానీ కనిపించవు. వాటి పొలుసులు అద్దాలు. ఇసుక మీద ఇసుక రంగు, గడ్డి మీద గడ్డి రంగు. తమదంటూ ఒక రంగు చూపించవు. దాచుకోలేనిది నీడనొక్కదాన్నే. అందుకే అక్కడివాళ్లు చేప కోసం వెతకరు, అడుగున జారిపోతున్న నీడ కోసం వెతుకుతారు. ఇంకో ఆనవాలు తోక. నోరు కిందివైపున ఉండే ఈ చేప ముక్కుతో ఇసుక కెలికి రొయ్యల్ని, పీతల్ని, గుల్లల్ని వెలికితీసి నోట్లోని గట్టి పళ్లతో నలిపి తింటుంది. నీళ్లు మరీ తక్కువైన చోట తల కిందికి పెడితే తోక పైకి తేలుతుంది. ఎండకు మెరిసి మునిగే ఆ తోక కోసమే మనుషులు ఖండాలు దాటి వస్తారు.

వేట మొదలవగానే పడవ ఇంజన్ ఆపేస్తారు. పడవ వెనుక ఎత్తు పీట మీద నిలబడి గైడు గడ వేసి నెడతాడు, ముందు గాలం పట్టినవాడు నిలబడతాడు. పడవ మొనను గడియారంలో పన్నెండు అనుకుంటారు. "పదకొండు, నలభై అడుగులు" అంటాడు గైడు మెల్లగా. ఆ దిక్కున కొత్తవాడికి నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. గాలానికి తగిలించేది ఫ్లై, అంటే ముల్లుకు ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు కట్టిన ఎర. దానికి బరువు లేదనే చెప్పాలి. బరువంతా దారానిదే, అందుకే దారాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి విసురుతారు. ఎర మంద నెత్తిన పడితే ఒక్క విదిలింపుతో అన్నీ మాయం. కాస్త ముందు పడాలి, అడుగుకు దిగాలి, భయపడ్డ రొయ్యలా చిన్న చిన్న గెంతులు వేయాలి.

ఈ ఎరల్లో పేరుమోసినది పుట్టింది ఆండ్రోస్‌లోనే. 1977లో చార్లీ స్మిత్ అనే గైడుతో వేటకు వెళ్లిన బాబ్ నౌహైమ్ అక్కడి గాజు రంగు చిరుచేపను చూసి, గొలుసు పూసల్ని కళ్లుగా పెట్టి ఓ ఎర కట్టాడు. పూసల బరువుకు ముల్లు మొన పైకి తిరిగి ఇసుకకు తగులుకోదు. అదే నేటి 'క్రేజీ చార్లీ'.

ఎర అందుకున్న చేప పరుగు తీస్తే రీలు కీచుమంటుంది, చూస్తుండగానే వంద మీటర్ల దారం వెళ్లిపోతుంది. ఇంతా చేసి పట్టినదాన్ని వదిలేస్తారు. ఒంటి నిండా ముళ్లే, పైగా దానికి వల వేయడం, దాన్ని అమ్మడం అక్కడ చట్టవిరుద్ధం. అయితే అలసిన చేప తూలుతూ ఈదితే నిమ్మ సొర, బారకూడా లాంటి వేటచేపలు ఇట్టే పసిగడతాయి. ఫొటో కోసం దాన్ని గాలిలోకి ఎత్తి పట్టుకోవడం నాకు వేటకన్నా క్రూరంగా తోస్తుంది.

ఈ నీళ్ల నిశ్శబ్దం మరో పనికీ అక్కరకొచ్చింది. 1964లో మార్టిన్ లూథర్ కింగ్ అదే దేశపు బిమినీ దీవికి వచ్చినప్పుడు బోన్‌ఫిష్ గైడు ఆన్సిల్ సాండర్స్ ఆయన్ని పడవలో మడ చెట్ల మధ్యకు తీసుకెళ్లాడు. నోబెల్ అందుకునేటప్పుడు చేయాల్సిన ప్రసంగం మీద కింగ్ అక్కడే పని చేసుకున్నారు.

ఇంతవరకూ మనుషులు చూసిన బోన్‌ఫిష్. చూడనిది రాత్రి జరుగుతుంది. చలికాలం నెలల్లో పున్నమికీ అమావాస్యకూ దగ్గరగా, మేత నేలలు వదిలి వేల చేపలు లోతు మొదలయ్యే అంచున గుమిగూడతాయి. పైకి ఎగిరి గాలి మింగుతాయి. చీకటి పడగానే బయలుదేరతాయి. అబాకో దీవి దగ్గర చేపలకు శబ్ద పరికరాలు అమర్చి వెంబడించిన ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు తేలింది ఏమిటంటే, మోకాలి లోతులో బతికే ఈ చేప ఆ రాత్రి 130 మీటర్లకు పైగా లోతుకు దిగుతుంది. ఆ తర్వాత వేగంగా పైకి లేస్తూ గుడ్లు వదులుతుంది.

గుడ్డులోంచి వచ్చేది చేపలా ఉండదు. పారదర్శకమైన చిన్న రిబ్బను, దానికి తల. మలుగు చేపల పిల్లలూ ఇలాగే ఉంటాయి, రెండూ దూరపు చుట్టాలు. వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోయి, రాత్రి పోటుతో ఒడ్డుకు చేరాక అది పెరగడం మాని కుంచించుకుపోతుంది. సగానికి తగ్గి, అప్పుడు చేప ఆకారం తెచ్చుకుని, మళ్లీ మొదటి నుంచి పెరుగుతుంది. ఏ దీవి గుడ్డు ఏ దీవికి చేరేదీ ప్రవాహాలదే నిర్ణయం. ఆండ్రోస్ గైడు "పదకొండు" అని చూపించిన ఆ నీడ క్యూబా వైపు పుట్టినదైనా కావచ్చు.