తేమమాపకమును ఉప్పుతో సరిచూచుకొను విధము

డుంబ్రిగుడ చుట్టుపట్ల గ్రామములలో కాఫీ, మిరియము, పసుపు పండించు రైతులకు సరకు నెండబెట్టుటయందు గల శ్రద్ధ నిలువచేయుటయందు లేదని కొంద ఱందురు. అది న్యాయమైన మాట కాదు. గిడ్డంగి గోడకు హైగ్రోమీటరను తేమమాపకమును తగిలించినవారును మనలో కొందఱు కలరు. లోపమెచ్చట ననగా, ఆ యంత్రము చూపిన యంకెను మనము మాఱు పలుకక నమ్ముచున్నాము. సంతలో త్రాసును, పడికట్టు రాళ్లను అనుమానించి చూడక సరకు తూచనిచ్చు రైతు ఈ కాలమున అరుదు. తేమమాపకమును మాత్రము అట్లు అనుమానించువాడు లేడు.

ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. మొదట మోసపోయినవాడను నేనే. కొన్నియేండ్ల క్రిందట ఒక చిన్న గిడ్డంగిలో ఐదు కుటుంబములవారి పార్చిమెంటు కాఫీ ముప్పది బస్తాలు నా సలహాపై నిలువచేయబడెను. గడియారమువంటి ముల్లుగల తేమమాపకమును గోడకు తగిలించినవాడనుకూడ నేనే. జూన్ గడచి జులై వచ్చెను; కొండలపై ముసురు పట్టెను; ముల్లు 62 దాటలేదు. వారమునకొకసారి వచ్చి, ముల్లు చూచి, తృప్తిపడి పోవుచుంటిని. ఆ ప్రక్కయింటి ముసలమ్మ యొకనాడు నన్ను నిలిపి, “బాబూ, నా ఉప్పుకుండలో నీరూరిపోతన్నాది. మీ గడియారమేమో గాలి పొడిగా ఉందంటన్నాది. రెండిట్లో ఏది నమ్మమంటారు?” అని యడిగెను. నేను నవ్వి యూరకుంటిని. ఆగస్టులో బస్తాలు విప్పగా అడుగు వరుసలోని పదునొకండింటికి బూజువాసన పట్టియుండెను. కొనవచ్చినవాడు వానిని వేఱుచేయించి సగము ధర పలికెను. తరువాత పరీక్షించి చూడగా, గాలిలో 75 ఉన్నప్పుడు ఆ యంత్రము 61 చూపుచున్నదని తేలెను. ముసలమ్మ ఉప్పుకుండ చెప్పినదే నిజము.

ఉప్పుకుండకు ఆ తెలివి యెట్లు కలిగినదో తెలిసికొనుటకు ముందు, ఈ అంకెల యర్థము చూడవలెను. గాలి వెచ్చనైనకొలది ఎక్కువ నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. ఇముడ్చుకొనగలిగినంతయు అందున్నచో తేమ 100 అందుము. అందులో సగమే యున్నచో 50. కనుక ఈ అంకె ఆవిరితోపాటు వేడినిబట్టియు మాఱును. మధ్యాహ్నము 25 డిగ్రీల వేడిలో 50 చూపిన గాలియే, అందలి ఆవిరి హెచ్చకున్నను, రాత్రి 15 డిగ్రీలకు చల్లబడినపుడు 90 దాటును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న మన లోయలో శీతకాలపు రాత్రులెట్టివో మీకు నేను చెప్పనక్కఱలేదు. తెల్లవాఱుజామున మంచు కమ్మియుండగా గిడ్డంగి కిటికీలు తెఱచి “గాలి యాడనిచ్చు”వారు సరకునకు నీరు త్రాగించుచున్నారన్నమాట.

ఇక ఉప్పు సంగతి. శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 దాటినప్పుడు నీరూరును. అంతకు తగ్గినచో మరల ఆఱును. దీనినే తిరుగవేసి చూడుడు. ఉప్పును కొంచెము తడిపి, గాలి చొఱని డబ్బాలో నుంచి మూత వేసినచో, లోపలి గాలి కొన్ని గంటలలో 75 వద్ద నిలుచును. ఆవిరి యెక్కువైనచో ఉప్పు పీల్చుకొనును. తక్కువైనచో తన తడినుండి విడుచును. చలియు వేడియు ఈ యంకెను ఇంచుమించుగా కదల్పజాలవు. 10 డిగ్రీల యొద్ద 75.7, 30 డిగ్రీల యొద్ద 75.1; తేడా యంతమాత్రమే. పెద్ద ప్రయోగశాలలలోను తేమమాపకములను ఇట్టి తడి లవణములతో సరిచూచుట కలదు. మనకు కావలసినది అంగడిలో చౌకగా దొరకుచున్నది.

విదేశములలో సిగారు చుట్టలను కఱ్ఱపెట్టెలలో దాచుకొనువారికి ఈ పరీక్ష చిరపరిచితము. వారు పెట్టెలోని గాలిని 65 మొదలు 70 వఱకు నుంచుదురు. తక్కువైన ఆకు పెళుసై పగులును. ఎక్కువైన బూజు పట్టును. గోదావరి లంకలలో పండు లంకపొగాకు చుట్టలకును ఇదే నియమము వర్తించును. పొగత్రాగుమని నేను చెప్పుట లేదు. మన జిల్లాలలో అడ్డపొగ త్రాగు అవ్వల నోటిపుండ్లు చూచినవాడెవడును అట్లు చెప్పడు. అయినను ఆ పెట్టె నేర్పు పాఠము మన గిడ్డంగికి పనికివచ్చును. నిలువ పొగాకును తొలుచు చిన్న గోధుమరంగు పెంకుపురుగే మన నిలువ పసుపునుకూడ తొలుచును. ఎండి నూటికి 10 మొదలు 12 పాళ్ల తేమతో సంచి కెక్కిన కాఫీ, చుట్టునున్న గాలి చాలదినములు 70 దాటియున్నచో మరల తేమ పీల్చుకొని బూజునకు దారితీయును. మలబారు తీరమున వర్షకాలపు గాలికి కావలెననియే గింజలను ఉబ్బజేసి వేఱుపేరుతో అమ్ముదురు గాని, అది తెలిసి చేయు పని. మనకు తెలియక జరుగునది నష్టమే.

పరీక్ష చేయు పద్ధతి యిది. మూత గట్టిగా బిగియు, లోపల నున్నది బయటికి కనబడు డబ్బానొకదానిని తీసికొనుడు. సీసామూతలో చెంచాడు ఉప్పు పోసి, చుక్కచుక్కగా నీరు వేయుచు తడియిసుకవలె నగువఱకు కలుపుడు. ఎనిమిది పది చుక్కలు చాలును. ఉప్పు కరగిపోయి నీరుగా నిలిచినచో నీరెక్కువైనది. ఇంకను ఉప్పు వేయవలెను. పరీక్ష ముగియువఱకు తడియు ఉండవలెను, కరగని ఉప్పుపలుకులును కనబడుచుండవలెను. ఆ మూతను, తేమమాపకమును ఒకదానికొకటి తగులకుండ డబ్బాలో నుంచి మూత బిగింపుడు. పొయ్యికి, ఎండకు దూరముగా, వేడి మాఱని చోట పండ్రెండు గంటలకు తక్కువ కాకుండ ఉంచుడు. ముల్లుగల యంత్రమునకు ఒక పగలును ఒక రాత్రియు ఇచ్చుట మేలు. తరువాత మూత తీయక పైనుండియే అంకె చదువవలెను. తీసి చదివితిమా, గది గాలి లోపల చొచ్చి పడిన శ్రమయంతయు వ్యర్థమగును.

ఉప్పునుగుఱించి యొక హెచ్చరిక. కళ్లుప్పు పనికిరాదు. అందు మెగ్నీషియము లవణములు కలిసియుండును. అవి 75 కంటె చాల తక్కువ తేమలోనే నీరు పీల్చును. పొట్లములలో వచ్చు తెల్లని మెత్తటి ఉప్పు వాడవలెను. అందు అయోడిను కలిసినను బాధ లేదు. శుద్ధమైన పొటాషియము క్లోరైడుతో 85 వచ్చునని విని యొక మిత్రుడు పొటాషు ఎరువుతో ప్రయత్నించెను. ఎరువు శుద్ధలవణము కాదు గనుక దానిని నమ్మరాదు. డబ్బాగోడలపై నీటిబొట్లు కనబడినచో వేడి మాఱినదనియో, నీరెక్కువైనదనియో తెలిసికొని మొదటినుండి చేయవలెను.

డబ్బాలో 75 చూపవలసిన యంత్రము 69 చూపినదనుకొనుడు. అది ఆఱు తక్కువ చెప్పుచున్నది. గిడ్డంగిలో అది 66 చూపిననాడు నిజమైన తేమ 72 అని యెంచి జాగ్రత్తపడవలెను. ముల్లు యంత్రములలో కొన్నింటికి వెనుకవైపు చిన్న మర యుండును. డబ్బానుండి తీసిన వెంటనే, ముల్లు కదలకముందే, తప్పు ఎంతయో అంత జరుపవచ్చును. బాటరీతో నడచు అంకెల యంత్రమునకు సాధారణముగా మర యుండదు; కాగితపు ముక్కపై “6 కలుపవలెను” అని తేదీతో వ్రాసి దానికే అంటింపుడు. తప్పు పదికి మించినచో నా యభిప్రాయమున ఆ యంత్రమును గిడ్డంగికి వాడరాదు. ఈనాడు చౌకగా దొరకు అంకెల యంత్రములు క్రొత్తవైనను ఐదు వఱకు తేడా చూపుట వింత కాదు. దశాంశము తరువాతి యంకెను చూచి అంత సూక్ష్మముగా కొలిచినదని భ్రమపడరాదు. వెండ్రుకతో పనిచేయు యంత్రములును కలవు. మనుష్యుని తలవెండ్రుక తేమకు సాగునని గమనించి 1783లో సోస్యూరు అను స్విట్జర్లాండు పండితుడు వాని సంగతి గ్రంథముగా ప్రకటించెను. అట్టి యంత్రము పొడిగాలిలో చాలకాల ముండి మందగించినచో, తడిబట్టలో గంటసేపు చుట్టియుంచి, ఆఱిన తరువాత ఉప్పుపరీక్ష చేయుడు.

ఈ పరీక్ష 75 వద్ద తప్పును మాత్రమే చెప్పును. 40 వద్దనో 50 వద్దనో అదే తప్పుండునని చెప్పలేము. అయినను మన సరకునకు అపాయము 70 దాటిన తరువాతనే గనుక మనకు కావలసిన చోటనే అది సాక్ష్యమిచ్చుచున్నది. రెండవ సాక్ష్యము కావలసినవారు, మేము మిషను పాఠశాలలో చేసినట్లు, రెండు ఉష్ణమాపకములను ప్రక్కప్రక్కన కట్టి, ఒకదాని బుడ్డికి వాననీటితో తడిపిన పలుచని నూలుగుడ్డ చుట్టి, విసనకఱ్ఱతో బాగుగా విసరి చూడవచ్చును. పొడిది 25, తడిది 20 చూపినచో తేమ సుమారు 63. రెండును సమానమైనచో 100.

సరిచూచిన యంత్రమును ఎక్కడ నుంచవలెనన్నది మఱియొక ప్రశ్న. వాకిటిప్రక్కన గోడకు తగిలించినది వాకిటి గాలినే చెప్పును. బూజు పుట్టునది అడుగు వరుసలో. కావున కఱ్ఱచట్రముపై బస్తాల నడుమ మోకాలెత్తున నుంచి, తెల్లవాఱుజామున నొకమాఱు, మధ్యాహ్నము నొకమాఱు చదివి వ్రాసికొనవలెను. యంత్రము గాలిని కొలుచునే గాని గింజలోని తేమను కొలువదు. సంచి కెత్తుటకు ముందు గింజను వేఱుగా పరీక్షింపవలసినదే. యంత్రము లేనివారు మెత్తటి ఉప్పు చెంచాడు పింగాణి పళ్లెములో పోసి బస్తాల నడుమ నుంచుకొనుడు. అది చెమ్మగిల్లిననాడు గాలి 75 దాటినది.

సంవత్సరమునకు రెండుమాఱులు, అనగా నవంబరులో పండు కోతకు ముందొకసారి, జూన్‌లో వానలకు ముందొకసారి ఈ పరీక్ష చేయవలెను. స్వయముగా చేయ వీలులేని సభ్యులు తమ యంత్రములను సంఘము కార్యాలయమునకు తేవచ్చును. సంతనాటి యుదయమున తెచ్చి సాయంకాలమునకు తిరిగి యిమ్మని యడుగవలదు. పరీక్షకు ఒక రాత్రి పట్టును గనుక ముందటి దినముననే తెచ్చి, పేరు వ్రాసిన చీటి కట్టి యీయవలెను.