పాత సీసా.. దొంగ లేబులు

వైన్ అంటే మన 'వైన్స్' దుకాణాల్లో దొరికే ప్రతి మద్యమూ కాదు. ద్రాక్షరసం పులియబెట్టి చేసేది. ఫ్రాన్సులోని బర్గండీ సీమ వైన్ కొన్ని రకాలు పాతబడేకొద్దీ లక్షలు పలుకుతాయి. దొంగల కన్ను పడింది అక్కడే.

2008లో న్యూయార్క్ వేలానికి 1945 నాటివంటూ కొన్ని సీసాలు వచ్చాయి. లేబులుపై పేరున్న తోట యజమాని లారెంట్ పోన్సో స్వయంగా వచ్చి అడ్డుపడ్డాడు. ఆ రకం వైన్‌ను వాళ్ల కుటుంబం 1982కు ముందు చేయనే లేదట! సీసాలు పంపిన రూడీ కుర్నియవాన్ ఇంట్లో 2012లో సోదా చేస్తే వేలకొద్దీ దొంగ లేబుళ్లు బయటపడ్డాయి. 2014లో పదేళ్ల జైలు పడింది.

ఇప్పుడు కొందరు మూత తొడుగులో చిప్ పెడుతున్నారు. సెల్‌ఫోన్ ఆనిస్తే సీసా పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది. మూత తీస్తే సన్నని తీగ తెగి ఆ సంగతీ బయటపెడుతుంది. చేతులు మారిన వివరం బ్లాక్‌చైన్ అనే చిట్టాకెక్కుతుంది. ఒకప్పటి కరణంగారి అడంగల్‌కు ఇంటింటా నకలు ఉందనుకోండి. ఒకచోట దిద్దితే మిగతావి పట్టిస్తాయి. అయితే మొదటి పద్దే అబద్ధమైతే చిట్టా ఆ అబద్ధాన్నే భద్రపరుస్తుంది.

మన దేశంలో 300 మందుల బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఇది చిప్ కాదు, అచ్చు గుర్తే. నకలు తీయడం కష్టమేమీ కాదు. అందుకే ఫోన్‌లో కనిపించే బ్యాచ్ నంబరు, గడువు తేదీలను అట్టపై ఉన్నవాటితో సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి.