కంచం వేరు, తువ్వాలు ఒకటే

నాన్న మెడ వెనక గడ్డ లేచిన నాలుగో రోజుకి ఇంట్లో ఆయన కంచం, గ్లాసు వేరయ్యాయి. అమ్మ వాటిని పెరట్లో విడిగా బోర్లించడం మొదలుపెట్టింది. నాన్న మంచం హాల్లోంచి చివరి గదిలోకి వెళ్ళింది. మనవణ్ణి ఆ గుమ్మం తొక్కనివ్వొద్దని నా భార్యకు గట్టిగా చెప్పింది. స్నానాల గదిలో దండెం మీద తువ్వాలు మాత్రం ఎప్పటిలాగే వేలాడుతోంది. పొద్దున్నే నాన్న మెడ ఒత్తుకున్నదీ, పది నిమిషాల తరవాత నేను మొహం తుడుచుకున్నదీ అదే.

తరవాత లెక్కలు చదువుతూ కూర్చుంటే తెలిసింది, మేం చేసినదంతా తలకిందులని. మనిషిని దూరం పెట్టి తువ్వాలును దగ్గర పెట్టుకున్నాం.

ముందు ఆ క్రిమి సంగతి. పేరు స్టాఫిలోకాకస్ ఆరియస్. 1880ల మొదట్లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లండ్ సర్జన్ చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ద్రాక్షగుత్తుల్లా కనబడింది. అందుకే గుత్తి అని అర్థం వచ్చే గ్రీకు మాటతో పేరు పెట్టాడు. పెంచినప్పుడు బంగారు రంగులో వస్తుంది కాబట్టి 1884లో రోజెన్‌బాక్ ‘ఆరియస్’ చేర్చాడు. దీని అడ్డుకొలత సుమారు ఒక మైక్రాన్. వెయ్యి క్రిముల్ని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఇది ఎక్కణ్ణుంచో ఊడిపడే శత్రువు కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కన నూటికి 30 మంది ముక్కుల్లో ఇది హాయిగా కాపురం ఉంటుంది, వాళ్ళకేమీ చెయ్యదు. మొత్తం జనంలో మందులకు లొంగని రకాన్ని మోసేవాళ్ళు నూటికి ఇద్దరు. మన ఆస్పత్రుల్లో డాక్టర్లు ‘మర్సా’ అని పొట్టిగా పిలిచే ఎంఆర్‌ఎస్‌ఏ ఇదే.

మన దేశం అంకె వేరే కథ చెబుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, కొన్ని పెద్ద ఆస్పత్రుల నుంచి ఏటా లెక్కలు తీస్తుంది. అక్కడ రోగుల నమూనాల్లో దొరికిన ఆరియస్ క్రిముల్లో ఎంఆర్‌ఎస్‌ఏ వాటా 2016లో నూటికి 28 దాకా ఉంటే, 2021 నాటికి 42 దాటింది. దీన్ని చదివి వీధిలో ప్రతి రెండో గడ్డా మొండిదే అనుకుంటే పొరపాటు. పెద్దాస్పత్రికి చేరేవాటిలో చాలావరకు అప్పటికే మందులు తిన్న కేసులు. కానీ అయిదేళ్ళలో 28 నుంచి 42కి పెరగడం మాత్రం ఏ లెక్కన చూసినా భయపెట్టేదే.

మొండితనం ఎలా వచ్చింది? పెన్సిలిన్, దాని బంధువులైన మందులు చేసే పని ఒకటే. క్రిమి తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గోడ కట్టే మేస్త్రీ లాంటి ప్రోటీన్‌కు మందు అతుక్కుని పని ఆపేస్తుంది. పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును క్రిమి నేర్చుకుంటే, 1959లో దానికి విరుగుడుగా మెథిసిలిన్ తయారైంది. రెండేళ్ళు తిరక్కుండానే, 1961లో, ఇంగ్లండులో దానికీ లొంగని క్రిములు దొరికాయి. ఎంఆర్‌ఎస్‌ఏలో ‘ఎం’ ఈ మెథిసిలినే. ఈసారి క్రిమి మేస్త్రీనే మార్చేసింది. కొత్త మేస్త్రీకి మందు అతుక్కోదు. అందుకే అమాక్సిసిలిన్, సెఫాలెక్సిన్, సెఫిక్సిమ్ అంటూ మెడికల్ షాపు అరలో ఎన్ని పేర్లున్నా ఈ క్రిమి ముందు అన్నీ ఒకేలా వృథా. మా నాన్న కూడా మొదటి అయిదు రోజులు అలాంటి మాత్రలే వేసుకున్నాడు. చీటీ లేదు, షాపు కుర్రాడు ఇచ్చాడు, మేం తెచ్చాం. “మామిడిపళ్ళు తెగ తిన్నాడు, వేడి చేసిందిరా” అని అమ్మ మజ్జిగ కూడా పట్టింది. మజ్జిగ వల్ల నష్టమేమీ లేదు. ఆ అయిదు రోజుల వల్లే నష్టం.

గడ్డ కోసినప్పుడు డాక్టరు చీమును కల్చర్‌కు పంపారు. మూడో రోజుకి కాగితం చేతికొచ్చింది. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. నేను మెథిసిలిన్ కోసం వెతికితే ఆ పేరే లేదు. ఆ మందు ఇప్పుడు వాడకంలో లేదు, పేరు మాత్రం జబ్బుకు మిగిలిపోయింది. చూడాల్సింది సెఫాక్సిటిన్ అనే వరస. దాని పక్కన ఆర్ ఉంటే ఎంఆర్‌ఎస్‌ఏ అని అర్థం. మా కాగితంలో ఆర్ ఉంది. దాని కిందే క్లిండమైసిన్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్, లినెజోలిడ్‌ల పక్కన ఎస్‌లు కనబడ్డాయి. ‘మందులకు లొంగనిది’ అన్న మాట వినగానే ఇక మందే లేదనుకుని ఇంటిల్లిపాదీ గుండెలు జారవిడుచుకున్నాం గానీ, లొంగేవి నాలుగున్నాయి. ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. 2019లో ప్రపంచంలో మందులకు లొంగని క్రిముల వల్ల నేరుగా పోయిన ప్రాణాలు 12 లక్షల 70 వేలని ల్యాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో ఎంఆర్‌ఎస్‌ఏ వాటా లక్షకు పైనే. కాకపోతే అది ఎక్కువగా రక్తంలోకో ఊపిరితిత్తుల్లోకో దిగినప్పటి మాట. చర్మం మీద ఉన్నంతవరకూ లెక్క వేరు.

చర్మం మీద గడ్డకు అసలు మందు కత్తి. ఇది నా మాట కాదు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో చిన్న గడ్డలున్న వాళ్ళకు కోసి చీము తీశారు. తరవాత కొందరికి క్లిండమైసిన్, కొందరికి కోట్రైమాక్సజోల్, కొందరికి ఉత్త పిండి మాత్రలు ఇచ్చారు. మందు తిన్నవాళ్ళలో నూటికి 82, 83 మందికి నయమైంది. పిండి మాత్రలు తిన్నవాళ్ళలో కూడా 69 మందికి నయమైంది. అంతకుముందు ఏడాది వచ్చిన మరో ప్రయోగంలో కోట్రైమాక్సజోల్‌తో 80.5, ఉత్త మాత్రతో 73.6. అంటే కోత పడితే పదిలో ఏడుగురు గట్టెక్కుతారు, సరైన మందు మరొకరిని చేరుస్తుంది. కోత పడకుండా మాత్రలు మింగుతూ కూర్చుంటే ఈ లెక్క రాదు. ఇంట్లో పిండడం, పిన్నీసు కాల్చి గుచ్చడం కూడా కోత కిందికి రావు. పిండితే చీము కొంత బయటికి, కొంత లోపలికి పోతుంది.

షుగరున్న వాళ్ళ విషయం మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే గడ్డలు లేచే ముప్పు వాళ్ళకు ఎక్కువ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల 10 లక్షలు. నాన్న అందులో ఒకరు. కోట్రైమాక్సజోల్ కొన్ని షుగరు మాత్రలతో కలిస్తే షుగరును మరీ దించేస్తుంది, కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే పొటాషియం పెంచుతుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి పాత మందుల అట్టలన్నీ ఒక సంచీలో వేసుకుపోవడం నామోషీ పనేం కాదు.

ఇక తువ్వాలు. 2003లో అమెరికాలో సెయింట్ లూయిస్ రామ్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో 58 మంది ఆటగాళ్ళుంటే, ఒక్క సీజన్‌లో అయిదుగురికి కలిపి ఎనిమిది సార్లు ఎంఆర్‌ఎస్‌ఏ గడ్డలు లేచాయి. అన్నీ మైదానంలో చర్మం గీసుకుపోయిన చోట్లే. పరిశోధకులు వెళ్ళి చూస్తే ఆటగాళ్ళు ఒకరి తువ్వాలు ఒకరు వాడుకుంటున్నారు, గాయాలు చూసే సిబ్బంది చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదు. కోట్లు సంపాదించే కండలవీరుల సంగతే అదైతే, ఒక బాత్రూమూ, ఒక సబ్బుబిళ్ళా, ఒక దండెమూ ఉన్న మన ఇళ్ళ గురించి చెప్పేదేముంది! ఈ క్రిమి పొడి వస్తువుల మీద ఏడు రోజుల నుంచి ఏడు నెలల దాకా బతకగలదని పరిశోధనలు చెబుతున్నాయి. గాలిలో ఎగిరొచ్చి అంటుకోవడం దీని పద్ధతి కాదు. చీము తగిలిన చెయ్యి, చెయ్యి తగిలిన గుడ్డ, గుడ్డ తగిలిన మరొకరి గీత, అదీ దారి. అందుకే ఒకరివి మరొకరు ముట్టకూడనివి తువ్వాలు, రేజరు, సబ్బుబిళ్ళ, దిండు గలీబు. కంచానికి గిన్నెల సబ్బు చాలు, పెరట్లోకి వెలివెయ్యక్కర్లేదు. వంటింట్లో భయపడాల్సింది ఇంకొకటుంది. వండే మనిషి వేలి మీద గడ్డ ఉంటే పిండి కలపకూడదు, అన్నం చేత్తో కలిపి పెట్టకూడదు. ఈ క్రిమి తిండిలో విషం వదిలితే మళ్ళీ మరిగించినా ఆ విషం చావదు.

కట్టు మార్చే పని అమ్మది. మొదటి రోజు నర్సమ్మ నేర్పింది, రెండో రోజు నుంచి అమ్మ నాకు నేర్పడం మొదలుపెట్టింది. గాజులు మోచేతి దాకా ఎగదోసి, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుగుతుంది. ఆ 20 సెకన్లు ఎంతంటే, ట్యాప్ దగ్గర నిలబడి ఒకటి నుంచి ఇరవై దాకా నింపాదిగా లెక్కపెట్టాలి. మనం మామూలుగా అయిదు దగ్గరే ఆపేస్తాం. తరవాత గ్లవ్స్. పాత గాజుగుడ్డ తీసి, గ్లవ్స్‌ను దాని మీదికి తిరగేస్తూ విప్పి, రెండూ ఒకే కవర్లో వేసి ముడి. మళ్ళీ చేతులు. కొత్త గ్లవ్స్, కొత్త కట్టు. మళ్ళీ చేతులు. మూడుసార్లు కడగడం చాదస్తంగా కనిపిస్తుంది కానీ, మొదటి కడుగు నాన్న కోసం, చివరిది మా కోసం, మధ్యది ఇద్దరి కోసం. నీళ్ళ దగ్గరికి వెళ్ళడం కుదరనప్పుడు ఆల్కహాల్ 60 శాతానికి తగ్గని శానిటైజరు పనికొస్తుంది. విప్పిన బట్టల్ని దులపకుండా నేరుగా వేడినీళ్ళ సర్ఫులో వేసి, మేడ మీద పూర్తిగా ఎండేదాకా ఆరేస్తాం. తడి ఆరని తువ్వాలు ఉతికినా ఉతకనట్టే.

కట్టు విప్పినప్పుడల్లా అమ్మ ఇంకో పని చేసేది. ఎరుపు ఎంతమేర ఉందో బాల్‌పెన్నుతో చుట్టూ గీత గీసేది. మర్నాటికి ఎరుపు గీత దాటిందంటే ఆగకుండా డాక్టరు దగ్గరికే. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, గడ్డ నుంచి ఎర్రటి చారలు పాకినా, ముక్కు చుట్టూ పెదవి మీదా గడ్డ లేచినా అంతే, అదే రోజు వెళ్ళాలి.

అన్నిటికన్నా విసుగు తెప్పించేది గడ్డ తిరిగి రావడం. మెడ మీద మానితే తొడ మీద, నాన్నకు తగ్గితే కోడలికి. నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో దాదాపు సగం ఇళ్ళల్లో ఈ క్రిమి ఒకరి నుంచి ఇంకొకరికి చేరింది. అమెరికాలో 183 ఇళ్ళతో చేసిన మరో ప్రయోగం నాకు బాగా నచ్చింది. గడ్డ లేచిన పిల్లల్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టులో ఆ పిల్లలకు మాత్రమే అయిదు రోజులు ముక్కులో ముపిరోసిన్ ఆయింట్‌మెంటు, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం. రెండో జట్టులో ఇంట్లో అందరికీ అదే. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో నూటికి 72 మంది పిల్లలకు మళ్ళీ గడ్డలొచ్చాయి, రెండో జట్టులో 52 మందికి. ఇల్లంతా కలిసి చేస్తే 20 మంది తప్పించుకున్నారన్న మాట నిజమే, ఇల్లంతా చేసినా సగం మందికి తిరిగొచ్చిందన్నదీ నిజమే. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళిన సుమారు 2,100 మంది మీద చేసిన ఇంకో పరిశోధనలో, ఆరు నెలల పాటు నెలకు రెండు విడతలుగా ఇలాంటి శుద్ధి చేసినవాళ్ళలో ఏడాదిలోగా 6.3 శాతం మందికే ఎంఆర్‌ఎస్‌ఏ జబ్బు వచ్చింది. చెయ్యనివాళ్ళలో 9.2 శాతం. ఇది పదే పదే వచ్చేవాళ్ళకు డాక్టరు చెప్పి చేయించేది. మొదటి గడ్డకే మనంతట మనం ఆయింట్‌మెంటు కొనుక్కుని ముక్కుల్లో పూస్తే క్రిమి దానికీ మొండికేస్తుంది.

మా ఇంట్లో నాలుగు తువ్వాళ్ళకు నాలుగు రంగుల దారం కుట్టింది నా భార్య. నాన్నది ఎరుపు, దండెం చివర. కంచం పెరట్లోంచి వంటింటి అరలోకి తిరిగొచ్చింది.

రెండో వారం చూపించడానికి వెళ్ళినప్పుడు నాన్న డాక్టరుగారిని అడిగిన ప్రశ్న ఒక్కటే. “మనవణ్ణి ఎప్పటినుంచి ఎత్తుకోవచ్చండీ?”

ఆయన కట్టు అంచులు వేలితో నొక్కి చూశారు, ఎక్కడా ఊడలేదు, తడి పైకి రాలేదు. “చేతులు కడుక్కుని ఇవాళే ఎత్తుకోండి మాస్టారూ. మీ తువ్వాలుతో మాత్రం వాడి మూతి తుడవకండి.”